పెద్దబ్బులు గారి గుండె డిస్కు

రెండు వేల ఐదులో ఏలూరులో ఒక ప్రైవేటు గుండె ఆసుపత్రి వారు కాథ్ ల్యాబ్ పెట్టినప్పుడు నన్ను ఇన్‌చార్జ్ సిస్టర్‌గా తీసుకున్నారు. అప్పటిదాకా విజయవాడలో ఆపరేషన్ థియేటర్లో పనిచేశాను. స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సునయ్యాను. పుట్టింటికి దగ్గరని ఏలూరు వచ్చాను తప్ప మరో కారణం లేదు. ఇప్పుడు రాసే సంగతి అక్కడ చేరిన రెండేళ్ళకి, తొలకరి పడి నాట్లు మొదలైన రోజుల్లో జరిగింది.

కాథ్ ల్యాబ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపిస్తారు. దానిలోంచి రంగు మందు వదిలి, ఎక్స్‌రే కింద గుండె నాళాలు కదులుతుండగా బొమ్మ తీస్తారు. ఈ పరీక్షనే యాంజియోగ్రాం అంటారు. ఎక్కడ సన్నబడింది, ఎక్కడ పూడుకుపోయింది అన్నది ఆ బొమ్మలో తెలిసిపోతుంది. గొట్టం పంపేది డాక్టరు, యంత్రం నడిపేది టెక్నీషియన్. మనిషి లోపలికి వచ్చిన దగ్గర్నుంచి బయటికి వెళ్ళేదాకా మిగతా బాధ్యతంతా ఇన్‌చార్జ్ సిస్టర్‌ది. సరైన మనిషే బల్ల మీద ఉన్నాడా అని చూసుకోవడం కూడా అందులో భాగమే. నాకు నోరు పెద్దదని ఆసుపత్రిలో పేరు. ఆ ఉద్యోగానికి అది పనికొచ్చింది.

పరీక్ష అయ్యాక డాక్టరుగారు కాగితం మీద రిపోర్టు రాసి సంతకం పెడతారు. దానితోపాటు ఆ కదిలే బొమ్మను ఒక సీడీలో వేసి రోగికి ఇస్తాం. బైపాస్ ఆపరేషన్లు మా దగ్గర లేవు, విజయవాడో హైదరాబాదో వెళ్ళాలి. అక్కడి సర్జను ఈ డిస్కు చూసే ఎక్కడ కోయాలో, ఎక్కడ అతుకు వేయాలో నిర్ణయించుకుంటాడు. రోగి పేరు, వయసు, తేదీ బొమ్మతోపాటే తెర మీద పడేలా ఆ డిస్కు తయారవుతుంది. అందుకే అది కంప్యూటర్లో తప్ప ఇంట్లో సినిమా డిస్కులు వేసుకునే ప్లేయర్లో పడదు.

మాకు తలనొప్పి అక్కడే వచ్చింది. "సిస్టర్ గారూ, డిస్కు పాడైందండి, టీవీలో బొమ్మ రాలేదు" అంటూ జనం వెనక్కి తెచ్చేవారు. అది టీవీలో వేసుకునేది కాదండీ బాబూ అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయేది. అసలు టీవీలో ఎందుకు చూడాలి? పెళ్ళి క్యాసెట్టా? కానీ మన వాళ్ళకి చూడాలి. ఇంటాయన గుండె ఎలా కొట్టుకుంటోందో ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలి, పలకరించడానికి వచ్చిన చుట్టాలకి వేసి చూపించాలి. అప్పటికి టౌన్లలో ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వచ్చేశాయి. డిస్కు రాసే పరికరం కూడా వాటిలోనే ఉండేది. ప్రతి కుటుంబంలోనూ ఒక అల్లుడో బావగారో ఈ విద్య నేర్చుకుని ఉండేవాడు.

ఈ కుటుంబంలో ఆ మనిషి సత్యం గారు. తాడేపల్లిగూడెంలో బ్యాంకులో హెడ్ క్లర్కు. చాలా మంచివాడు, ఎవరికి ఏ పని కావాలన్నా ముందుంటాడు. ముందు గదిలో కంప్యూటరు, దానికి వాళ్ళావిడ కుట్టిన పూల గుడ్డ ముసుగు. చుట్టాల పెళ్ళి క్యాసెట్లన్నీ ఆయనే డిస్కుల్లోకి ఎక్కించి, కావలసినన్ని కాపీలు తీసి, మీద పెన్నుతో అందంగా పేరు రాసి పంచేవాడు. తీసుకున్నవాళ్ళు "మా సత్యం బావగారు చేస్తే షాపువాడు కూడా పనికిరాడండి" అనేవారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ముందు మా దగ్గరికి వచ్చింది పెద్దబ్బులు గారు. సత్యం గారి భార్యకి అన్నగారు. గుండుగొలనులో ఇల్లు, కొల్లేరు వైపు చేపల చెరువులు. వల లాగుతుంటే గుండెల్లో పట్టేసినట్టు అయ్యి కూలబడ్డారట. పేరు అడిగితే వెంకటేశ్వరరావు అన్నారు. అందులో ఆశ్చర్యం లేదు. ద్వారకా తిరుమల ఇంత దగ్గరలో పెట్టుకుని మా జిల్లాలో ఇంటికొక వెంకటేశ్వరరావు ఉండకపోతే వింత. ఆయనకి యాంజియోగ్రాం చేశాం. మా డాక్టరు రామ్మోహన్ గారు బొమ్మను మళ్ళీ మళ్ళీ వేయించి చూశారు. ఎడమవైపు పెద్ద నాళం మొదట్లోనే దాదాపు పూడుకుపోయింది. దాన్ని మేము లెఫ్ట్ మెయిన్ అంటాం. పొలానికి నీరు పెట్టే కాలవకి తలుపు దగ్గరే మట్టి పడితే కింద బోదెలు ఎన్నుంటే ఏం లాభం? అలాంటిదే అదీను. డాక్టరుగారు ఇంటివాళ్ళని కూర్చోబెట్టి, ఆపరేషన్ త్వరగా చేయించాలని, ఈలోపు బరువు పని చేయకూడదని, మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదని చెప్పారు. పెద్దబ్బులు గారి భార్య సుభద్రమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపారు.

ఆ తర్వాతి వారమే ఇంకో వెంకటేశ్వరరావు వచ్చారు. ఇంటిపేరు కూడా అదే. నేను ఉలిక్కిపడి కాగితం చూశాను. వయసులో కాస్త తేడా, ఊరి పేరు ఉండి. ఈయన పెద్దబ్బులు గారి బాబాయి కొడుకట. ఇద్దరికీ తాతగారి పేరే పెట్టారు. ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు, ఆయన పెద్దబ్బులు, ఈయన చిన్నబ్బులు. "అన్నయ్యకి వచ్చిందంటే నాకూ ఉండే ఉంటుందండి, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు" అన్నారాయన. ట్రెడ్‌మిల్ పరీక్షలో ఏదో చిన్న అనుమానం తగిలింది, అందుకని యాంజియోగ్రాం చేశాం.

బల్ల మీద పడుకోబెట్టినప్పుడు ఆయనకీ నాకూ గొడవైంది. మెడలో నల్ల తాడుకి స్వామివారి డాలరు ఉంది. తీసేయండి అన్నాను. తీయనన్నారు. "కొండ మీద కట్టుకున్నదమ్మా, దీన్ని తీశాక నాకేమైనా అయితే మీరు జవాబు చెప్తారా?" అన్నారు. బొమ్మలో అడ్డం పడుతుందండీ అన్నా వినలేదు. చివరికి డాక్టరుగారే, పోనిద్దురూ సిస్టర్, భుజం మీదికి జరిపి ప్లాస్టర్ వేయండి, అన్నారు. వేశాను. ఆయన గుండె నాళాలు నున్నగా, చక్కగా ఉన్నాయి. ఏమీ లేదు పొమ్మన్నాం. ఆయన బల్ల మీదే దణ్ణం పెట్టేశారు.

మరో మూడు వారాలకి ఒక ఉదయం సత్యం గారు, సుభద్రమ్మ గారు డాక్టరుగారి గదికి వచ్చారు. నేను ఏదో కాగితం మీద సంతకం కోసం అక్కడే ఉన్నాను. ఆపరేషన్ అయిపోయిందేమో, చెప్పి వెళదామని వచ్చారనుకున్నాను. సుభద్రమ్మ గారి ముఖం వెలిగిపోతోంది. సత్యం గారు కుర్చీలో కూర్చుని, చాలా మర్యాదగా మొదలుపెట్టారు.

"డాక్టరుగారండీ, మీరేమీ అనుకోవద్దు. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదండి. మనుషులం కదండీ, పొరపాట్లు జరుగుతాయి. హైదరాబాదులో పెద్ద డాక్టరుగారికి చూపించామండి. మా బావగారి గుండెకి ఏ జబ్బూ లేదన్నారు. ఆపరేషన్ మాట దేవుడెరుగు, మాత్రలు కూడా అక్కర్లేదన్నారండి."

మా వైపు వాళ్ళ మర్యాద ఎలాంటిదో తెలిసినవాళ్ళకి తెలుసు. గట్టిగా తిడితే ఇంత గుచ్చుకోదు. రామ్మోహన్ గారి ముఖంలో నెత్తురు లేదు. లెఫ్ట్ మెయిన్ పూడుకుపోయిన మనిషికి ఏ జబ్బూ లేదా? నా కళ్ళతో చూశానే!

"మాత్రలు మానేశారా?" అని అడిగారు డాక్టరుగారు.

"అప్పుడే మానేశారండి" అన్నారు సుభద్రమ్మ గారు సంతోషంగా. "ఇవాళ చెరువులో పట్టుబడి అండి. తెల్లారకుండానే వెళ్ళారు. ఇన్నాళ్ళూ ఇంట్లో కట్టేశామని నా మీద ఒకటే విసుక్కోవడం."

పట్టుబడి అంటే వలలు వేసి చెరువు మొత్తం చేప తీసే రోజు. ఆసామి గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునే రకమైతే పరవాలేదు. పెద్దబ్బులు గారు అలాంటివారు కాదని అందరికీ తెలుసు.

రామ్మోహన్ గారు నా వైపు తిరిగి మెల్లగా, "మన దగ్గరే తారుమారైందా సిస్టర్?" అన్నారు. నా ఉద్యోగంలో అంతకన్నా భయంకరమైన మాట వినలేదు. అదే గనక నిజమైతే, ఉండిలో ఉన్నాయనకి జబ్బుండాలి, గుండుగొలను ఆయనకి ఏమీ ఉండకూడదు. ఎవరి గుండె ఎవరిదో మాకే తెలియదన్నమాట! పదండి చూద్దాం అన్నాను.

వాళ్ళిద్దరినీ ల్యాబ్ పక్క గదిలోకి తీసుకెళ్ళాం. మా యంత్రంలో దాచిన పెద్దబ్బులు గారి బొమ్మను ఒక తెర మీద వేయించాను. పేరు, వయసు, తేదీ అన్నీ ఉన్నాయి, పూడుకుపోయిన నాళమూ ఉంది. పక్క కంప్యూటర్లో సత్యం గారు సంచిలోంచి తీసిచ్చిన డిస్కు వేశాం. మీద నీలం సిరాతో 'వెంకటేశ్వరరావు గారి గుండె' అని ముత్యాల్లాంటి అక్షరాలు. బొమ్మ వచ్చింది. తెర మీద పేరు లేదు, వయసు లేదు, తేదీ లేదు. వట్టి గుండె. ఆరోగ్యంగా కొట్టుకుంటున్న గుండె.

"ఇది మేమిచ్చిన డిస్కు కాదే?" అన్నాను.

"కాదండి, కాపీ. ఒరిజినల్ బీరువాలో ఉంది. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకూడదు కదండీ!" అన్నారు సత్యం గారు. ఇంత చిన్న విషయం మీకు తెలియదా అన్నట్టు చూశారు.

నిజమే మరి. పొలం పాస్‌బుక్కు దగ్గర్నుంచి పదో తరగతి సర్టిఫికెట్టు దాకా మన ఇళ్ళల్లో నడిచే పద్ధతి అదే. అసలుది బీరువాలో, జిరాక్సు చేతిలో. ఆ పద్ధతి గుండెకి కూడా పెట్టారు! నాకు ఒళ్ళు మండింది. కానీ ఏదైనా అనేలోపే తెర మీద గుండె కోణం మారింది. పైన మూలగా, భుజం వైపు, గుండ్రంగా నల్లటి మచ్చ ఒకటి వచ్చింది. లోహం ఏదైనా ఎక్స్‌రేలో అలాగే పడుతుంది. మచ్చ పక్కన, ప్లాస్టర్ కింద నలిగిన చిన్న కొక్కెం కూడా కనిపిస్తోంది.

"పెద్దబ్బులు గారి మెడలో డాలరు ఉంటుందాండీ?" అని సుభద్రమ్మ గారిని అడిగాను.

"ఆయన మెళ్ళో ఏమీ వేసుకోరండి, వలకి పట్టుకుంటుందని. డాలరు మా మరిది చిన్నబ్బులుది" అన్నారావిడ. అనేసి, తన మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయారు. "అంటే... ఇది..."

సత్యం గారు కుర్చీ చేతులు పట్టుకున్నారు. ఏం జరిగిందో ఆయన నోటితోనే, ముక్కలు ముక్కలుగా వచ్చింది. మేమిచ్చే డిస్కులోనే బొమ్మ చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దానిలోంచి బొమ్మను మామూలు వీడియోగా దింపుకుంటే టీవీలో పడుతుంది. కాకపోతే పేరూ తేదీ పోతాయి, ఉత్త బొమ్మే మిగులుతుంది. కంప్యూటర్లో ఆ వీడియోకి పేరు మాత్రం రోగి పేరే పడుతుంది. ముందు పెద్దబ్బులు గారిది దింపి పెట్టుకున్నారు. తర్వాత, అదీ టీవీలో చూడాలని చిన్నబ్బులు గారు తెచ్చిచ్చిన డిస్కు దింపబోతే, ఈ పేరుతో ఇప్పటికే ఒకటుంది, దాని మీద రాసేయమంటావా అని కంప్యూటరు అడిగింది. "ఇందాక నొక్కిందే మళ్ళీ నొక్కానేమో అనుకున్నానండి. ఊఁ అన్నాను" అన్నారు. అంతే. అన్నగారి గుండె మీద తమ్ముడి గుండె ఎక్కి కూర్చుంది. దాన్నే వరసగా కాపీలు తీసి, అన్నిటి మీదా పేరు రాసి, అందరికీ పంచారు.

మరి అంత పెద్ద డాక్టరు మా రిపోర్టు చూసి కూడా బొమ్మ తేడాగా ఉందని అడగలేదా? అది నాకు అర్థంకాలేదు. ఆ మాటే అడిగాను. సత్యం గారు తల దించుకున్నారు. సుభద్రమ్మ గారే చెప్పారు. "రిపోర్టు చూపించలేదండి. చూపిస్తే ఆయన కూడా అదే మాట అంటాడు, ఏమీ చెప్పకుండా డిస్కొక్కటే ఇస్తే ఆయన పనితనం తెలుస్తుంది అన్నారు అందరూ. ఊరికే చెకప్ కోసం తీయించామని చెప్పాం."

హైదరాబాదు డాక్టరుని నేను తప్పుపట్టను. ఆయన చూసిన గుండె బాగానే ఉంది, బాగానే ఉందని చెప్పాడు. మన వాళ్ళ తెలివితేటలకి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రోగం దాచి డాక్టరుకి పరీక్ష పెట్టారు! ఓరి భగవంతుడా, ఆ పరీక్ష ఆ మనిషి ఒంటి మీద కదా జరుగుతున్నది!

పెద్దబ్బులు గారికి ఫోన్ చేశారు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశారు. సుభద్రమ్మ గారు, "చొక్కా విప్పి గట్టు మీద పెట్టి ఉంటారు" అన్నారు. అంటే మనిషి నీళ్ళల్లో ఉన్నాడు. డాక్టరుగారికి బల్ల మీద మరో రోగి సిద్ధంగా ఉన్నాడు, కదలడానికి లేదు. అంబులెన్సు ఇచ్చి నన్ను పంపించారు. బయల్దేరేముందు ఒక మాట చెప్పారు. ఆయన్ని పరుగెత్తనీయవద్దు, గట్టు కూడా మెల్లగా ఎక్కించండి, నాలుక కింద మాత్ర, ఆక్సిజన్ చేతిలోనే ఉంచుకోండి. సత్యం గారు దారి చూపించడానికి ముందు కూర్చున్నారు. సుభద్రమ్మ గారు వెనక నా పక్కన. దారి పొడుగునా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "నేనే ఆపరేషన్ వద్దన్నాను, నాకే భయమేసి రెండో డాక్టరుకి చూపించమన్నాను" అని అదే మాట అంటూ వచ్చారు. ఊరుకోండమ్మా అన్నాను.

హైవే దిగి గుండుగొలను దాటాక చెరువు గట్ల మీద బండి మెల్లగానే పోవాలి. వాన పడి మట్టి జారుతోంది. ఒక్కో గట్టు మలుపు తిరుగుతుంటే గట్టు మీద మనుషులు గుంపుగా, ఏడుస్తూ కనిపిస్తారేమోనని చూశాను. నిజం చెప్పాలంటే అప్పటికే ఆయన పోయారనే అనుకున్నాను. చివరి మలుపు తిరిగేసరికి చేపల లారీ, ఐసు పెట్టెలు, కూలీల కేకలు. ఆ మధ్య చెరువులో, రొమ్ముల్లోతు నీళ్ళల్లో, వల తాడు భుజానికి వేసుకుని లాగుతున్న పెద్దబ్బులు గారు.

మమ్మల్ని చూసి ఆయనే ముందు అరిచారు. "సిస్టర్ గారా! భలే వేళకి వచ్చారండీ. డాక్టరుగారికి పెద్ద చేప తీసుకెళ్ళండి. నా మీద కోపం లేదని చెప్పండి!"

నేను నీళ్ళ అంచుకి వెళ్ళి, తాడు వదిలేసి మెల్లగా బయటికి రమ్మన్నాను. ఆయన నవ్వారు. "మళ్ళీ మొదలెట్టారా అండీ? హైదరాబాదాయన బాగుందన్నారమ్మా. అదిగో మా బావనే అడగండి, ఆయనే దగ్గరుండి చూపించాడు." కూలీలు కూడా నవ్వారు. అంబులెన్సు వేసుకుని చేపల చెరువుకి వచ్చిన నర్సుని చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది.

అందరం సత్యం గారి వైపు చూశాం. ఆయన గొంతు సవరించుకున్నారు. "ఏం లేదు బావా... డాక్టరుగారు ఊరికే ఒకసారి చూస్తానన్నారు... ఎలాగూ ఇటే వస్తున్నామని..." అన్నారు.

ఇంతమంది కూలీల ముందు, ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు పోతుందని ఈయన బాధ. అవతల మనిషి ప్రాణం తాడు మీద ఉంది! "ఊరికే అయితే పట్టుబడి అయ్యాక సాయంత్రం వస్తానులే" అని పెద్దబ్బులు గారు తాడు మళ్ళీ భుజానికి ఎత్తుకున్నారు. నా మాట ఆయన వినరు, ఆపరేషన్ అన్నవాళ్ళ మనిషిని నేను. భార్య మాటా వినరు, భయస్తురాలని తీసిపారేస్తారు. బాగుందని చెప్పినవాడే బాగాలేదని చెప్పాలి. నేను సత్యం గారి దగ్గరికి వెళ్ళి, మీరు చెప్పకపోతే నేను వెళ్ళిపోతానండీ, తర్వాత మీరే మోసుకురండి అన్నాను. కఠినమైన మాటే, తెలుసు. సుభద్రమ్మ గారు "అన్నయ్యగారూ" అన్నారంతే.

సత్యం గారు చెప్పులతోనే నీళ్ళల్లోకి దిగారు. మోకాళ్ళ దాకా వెళ్ళి ఆగి, అందరికీ వినపడేలా చెప్పారు. "బావా, ఆ డిస్కు నీది కాదు. చిన్నబ్బులుది. నీ గుండె మీద వాడిది ఎక్కించేశాను. నేనే. నీకు జబ్బు ఉంది బావా, ఏలూరు వాళ్ళు చెప్పిందే నిజం. ఆ తాడు వదిలెయ్యి."

కేకలు ఆగిపోయాయి. పెద్దబ్బులు గారు తాడు పక్కవాడికి అందించారు. ఇంతమంది ముందు ఆయన సత్యం గారిని ఏమంటారోనని చూశాను. ఆయన అడిగింది ఒకటే.

"అయితే చిన్నబ్బులుది బాగున్నట్టేగా?"

బాగున్నట్టే అన్నాను.

గట్టు ఎక్కించడానికి స్ట్రెచర్ దింపితే, నేనేమైనా శవాన్నా, పడుకోను అన్నారు. పడుకోకపోతే అదే అవుతారు అన్నాను. పడుకున్నారు. హైవే ఎక్కకముందే నొప్పి మొదలైంది. చెమటలు పట్టి ముఖం బూడిద రంగుకి తిరిగింది. నాలుక కింద మాత్ర పెట్టి, ఆక్సిజన్ తగిలించి, డ్రైవరుని ఆపకుండా పొమ్మన్నాను. ఏలూరు చేరేసరికి రామ్మోహన్ గారు గేటు దగ్గరే ఉన్నారు. ఆ రోజు ప్రాణం నిలబెట్టి, కాస్త కుదుటపడ్డాక మేమిచ్చిన అసలు డిస్కుతో, రిపోర్టుతో విజయవాడ పంపించాం. ఆపరేషన్ బాగా జరిగింది. మనిషి బతికాడు. కానీ ఆ అంబులెన్సులో వచ్చిన నొప్పితోనే గుండె కండరం కొంత చచ్చిపోయింది. మొదట చెప్పినప్పుడే వెళ్ళి ఉంటే అది జరిగేది కాదు. ఆ తర్వాత పెద్దబ్బులు గారు చెరువులోకి దిగలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చెరువులు లీజుకి ఇచ్చేశారు.

విజయవాడ పంపేముందు మా ఐసీయూలో సత్యం గారు మంచం కాళ్ళ దగ్గర నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పెద్దబ్బులు గారు, "ఊరుకో బావా, నువ్వొక్కడివేనా చూసింది? అందరం చూశాం. బాగుందనేసరికి మళ్ళీ ఎవరం అడగలేదుగా" అన్నారు. నేను సెలైన్ సరిచేస్తూ ఆ మాట విన్నాను.

తర్వాత మా ల్యాబులో ఒక మార్పు చేశాం. ఎక్స్‌రే వాళ్ళ దగ్గర సీసంతో చేసిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఫిల్ము మీద కుడి ఎడమ తెలియడానికి వాడతారు. రోగి నంబరుని ఆ అంకెలతో పేర్చి, ఛాతీ పక్కన అంటించి బొమ్మ తీయడం మొదలుపెట్టాం. అది బొమ్మలోనే పడుతుంది, ఏ ఇంట్లో ఎన్ని కాపీలు తీసినా పోదు. అదే నంబరు రిపోర్టు మీదా ఉంటుంది. డాక్టరుగారు ఈ ఏర్పాటుని మెచ్చుకున్నారు, మిగతావాళ్ళు పని పెరిగిందని గొణుక్కున్నారు.

నేను నేర్చుకున్నది మాత్రం అది కాదు. ఆపరేషన్ కావాలంటే మన వాళ్ళు పదిమంది డాక్టర్లకి చూపిస్తారు. అక్కర్లేదంటే ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి వెళ్ళిపోతారు. ఆసుపత్రిలో మేమూ అంతే. జబ్బుందని తేలితే బొమ్మని రెండుసార్లు తిప్పి చూసేవాళ్ళం, లేదని తేలితే తర్వాతి మనిషిని పిలిచేవాళ్ళం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, రిపోర్టు నార్మల్ అని వచ్చిన ప్రతి రోగినీ డిస్కు చేతికిచ్చేముందు కూర్చోబెట్టి, పేరు, తండ్రి పేరు, ఊరు మళ్ళీ మొదట్నుంచీ అడిగేదాన్ని. బాగుందని చెప్పాక ఇంకా ఈ ప్రశ్నలేమిటండీ అని చాలామంది విసుక్కునేవారు. విసుక్కోనిచ్చేదాన్ని.